బోరు నీళ్ల ఊళ్లో ఎస్ప్రెస్సో మిషన్: కొన్నోళ్లకు, కొనబోయేటోళ్లకు

నాది బోరు మోటార్లు చుట్టే పని. నల్గొండలో దేవరకొండ రోడ్డు మీద షాపు. గింజలు పోసి బటన్ ఒత్తితే తనే పొడి పట్టి, తనే అదిమి, కప్పులోకి కాఫీ వదిలే మిషన్ మా ఇంటికొచ్చి మూడేండ్లయింది. మాది చాయ్ ఊరు. నలభై వేల పైచిలుకు పెట్టి కాఫీ మిషన్ కొన్నవా అని నవ్వనోడు లేడు. నవ్వితే నవ్వనీ. మొదటి ఎనిమిది నెలల్లో మాత్రం దాన్ని నా చేతులతోనే చంపినంత పని చేసిన. మీరు ఆ తప్పు చెయ్యొద్దని రాస్తున్న.

తప్పంతా నీళ్ల కాడ జరిగింది. మిషన్ టాంకీలో తిన్నగా బోరు నీళ్లు పోసుకుంట పోయిన. ఆరో నెలకు పంపు చప్పుడు మారింది, ఇసుక పట్టిన మోటారు మూలిగినట్టు. తర్వాత కాఫీ గోరువెచ్చగా, చుక్కచుక్కగా పడబట్టింది. ఆగలేక విప్పిన (మీరు విప్పకండి, లోపల కరెంటూ నీళ్లూ పక్కపక్కనే ఉంటయి). నీళ్లు కాగే దిమ్మె నుంచి వచ్చే సన్న పైపు, అగ్గిపుల్ల కూడా దూరనంతగా, తెల్లగా పూడుకుపోయి ఉంది. గోరుతో గీకితే గుడ్డు పెంకులెక్క ఊడింది. గీజర్ రాడ్డుకు పట్టేదీ ఇదే. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వేడికి గట్టిపడి పేరుకుంటయి. మనోళ్లు ‘ఉప్పు పట్టింది’ అంటరు గానీ అది వంటుప్పు కాదు, సున్నం జాతి.

అందుకే మొదటి రోజు చెయ్యాల్సిన పని కాఫీ తాగుడు కాదు. మిషన్ డబ్బాలో నీళ్ల కాఠిన్యం, అంటే ఈ సున్నం జాతి ఎంతుందో, చూసే చిన్న కాగితం పట్టీ వస్తది, దాన్ని సెకను సేపు నీళ్లలో ముంచి తీసి, నిమిషం ఆగి, ఎన్ని గడులు రంగు మారినయో చూడండి. ఆ నంబరే మిషన్ సెట్టింగులో పెట్టాలె. మిషన్‌కు నీళ్ల రుచి తెల్వదు. ఎన్ని నీళ్లు పోయినయో లెక్క పెట్టుకుంట, మీరిచ్చిన నంబరును బట్టి ‘ఇగ కడుగు’ అని లైటు వేస్తది. నేను ఆ పట్టీని కవర్ కూడా చింపలేదు.

టీడీఎస్ పెన్ను ఉందిగా అంటరు. అది నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపిస్తది, కాఠిన్యం ఎంతో విడిగా చెప్పదు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగేనీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుండాలె, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పర్వాలేదన్నరు. మనిషికి 600 నడుస్తదేమో, ఈ మిషన్‌కు నడవదు.

ఇంకోటి. మన దిక్కు ఫ్లోరైడ్ సంగతి వేరు చెప్పక్కర్లేదు. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన ఊరి పేరే పెట్టిన్రు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతది. మిషన్‌కు ఫ్లోరైడ్‌తో పెద్ద బాధ లేదు, బాధ తాగేటోళ్లకు. అందుకని కాఫీకైనా బోరు నీళ్లు వద్దే వద్దు.

మరి ఆర్ఓ నీళ్లే పోస్తే? నేను పోసి చూసిన. కాఫీ సప్పగా, ప్రాణం లేనట్టు ఉంటది. రుచి గుంజడానికి నీళ్లలో కొంత ఖనిజం ఉండాలె. టీడీఎస్ 150 దగ్గర మంచి రుచి అని కాఫీ తెలిసినోళ్ల మాట. నేను ఆర్ఓ నీళ్లు మూడు పాళ్లు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఒక పాలు కలుపుత. మీ నల్లా వేరైతే మీ లెక్క వేరు, పెన్ను ముంచి చూసుకోండి. ఆ పెన్ను పనికొచ్చేది ఇక్కడ.

ఆ ‘ఇగ కడుగు’ లైటు వెలిగిందంటే రేపు మాపు అనకండి. వారంటీ ఉన్నన్ని దినాలు కంపెనీ ద్రావణమే వాడండి. తర్వాత నేను కిరాణంలో దొరికే నిమ్మ ఉప్పుతో కానిస్తున్న, లీటరు నీళ్లకు 50 గ్రాములు, గింజ మిగలకుండ కరగాలె. టాంకీలో ఫిల్టరు ఉంటే ముందే తీసెయ్యాలె. కాఫీ వచ్చే మూతి కింద, ఆవిరి గొట్టం కింద పెద్ద గిన్నె పెట్టి మిషన్‌లోని కడిగే ప్రోగ్రాం నడపండి. అరగంట పడతది. మధ్యలో ఆపొద్దు, ఆ రోజు కరెంటు కోత ఉందేమో ముందే కనుక్కోండి. తర్వాత రెండు టాంకీల మంచినీళ్లు, ఆ పైన రెండు కప్పుల కాఫీ పారబొయ్యాలె. వెనిగర్ మాత్రం వద్దు, వాసన దినాల తరబడి వదలదు, రబ్బరు వాషర్లకూ మంచిది కాదు.

డబ్బా మీద ‘15 బార్లు’ అని పెద్దక్షరాలుంటయి. బార్ అంటే ఒత్తిడి కొలత, అది పంపు ఇచ్చే గరిష్ఠ ఒత్తిడి. మా భాషలో 150 మీటర్ల హెడ్, అంటే దగ్గరదగ్గర 500 అడుగుల బోరులోంచి నీళ్లు లేపేంత. ఎస్ప్రెస్సోకు కావాల్సింది 9 బార్లే. 30 మిల్లీలీటర్ల కప్పు 25, 30 సెకన్లలో దిగితే పొడి సరిపోయినట్టు. పది సెకన్లకే నీళ్లలెక్క జారితే ఒక మెట్టు సన్నం చెయ్యండి, అదీ గింజలు పట్టే మర తిరుగుతున్నప్పుడే. ఫలితం రెండు మూడు కప్పుల తర్వాత గానీ తెల్వదు, తొందరపడి ఇంకో మెట్టు తిప్పొద్దు. పిప్పి డబ్బా తెరిచి చూస్తే పిడకల్లాంటి బిళ్లలుండాలె. బురదలెక్క ఉంటే ఎక్కడో లెక్క తప్పింది.

గింజలు చిక్కమగళూరు, కొడగు, అరకు ఏవైనా సరే, నూనె కారి నల్లగా మెరిసేవి మాత్రం మరకు అంటుకుంటయి. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడి ఇందులో వెయ్యనే వెయ్యొద్దు. మా బామ్మర్ది పొడి వేసే మూతిలో వేసిండు, జిగురు పట్టి గంట కడిగిన. మే నెలలో గింజలు వారానికి సరిపడా మాత్రమే పోసి, మిగిలినవి గాలి పోని డబ్బాలో నీడకు పెట్టండి.

పాలు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటివైతేనే నురుగు నిలుస్తది. తాగిన వెంటనే పాల గొట్టం కడగాలె, దీంట్లో మాఫీ లేదు. పిప్పి డబ్బా మిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే ఖాళీ చెయ్యండి, లేకపోతే డబ్బా ఖాళీ అయిందని చాలా మిషన్లు లెక్క పట్టుకోవు. వానకాలం మూడో రోజుకే బూజు. బ్రూ యూనిట్ (పొడిని అదిమి కాఫీ దించే లోపలి భాగం) ఊడొచ్చే రకమైతే వారానికోసారి నల్లా కింద ఉత్త నీళ్లతో కడిగి ఆరబెట్టండి, సబ్బు పెడితే గ్రీజు పోతది. నాలుగైదు నెలలకోసారి దాని రబ్బరు రింగుకు, తిండి సామాన్లకు వాడే సిలికాన్ గ్రీజు సన్నగా రాయండి. మా షాపులో బేరింగులకు వాడే గ్రీజు కాదు.

బొద్దింకల సంగతి అంగట్లో ఎవరూ చెప్పరు. లోపలి వెచ్చదనం, తడి వాటికి మస్తు ఇష్టం. రాత్రి చుక్కనీళ్ల ట్రే తుడిచి, స్విచ్ బోర్డు కాడ కూడా ఆపేస్త. అంతకన్నా ముందు మిషన్ బటన్‌తో ఆపి, అది లోపలి భాగాలను జాగలోకి లాక్కునే దాకా ఆగాలె. ఆ గుర్రు చప్పుడు అయిపోయినంకనే గోడ మీది స్విచ్. ఇన్వర్టర్ మీద మాత్రం నడపకండి. దీని హీటరు దగ్గరదగ్గర 1450 వాట్లు గుంజుతది, ఇంట్లో ఉండే చిన్న ఇన్వర్టర్ ‘టిక్’ అని పడిపోతది. అట్ల చూసిన్రా అని అడగకండి, మా ఇంట్లో ఇంకా ఆ సంగతి ఎత్తుతనే ఉన్నరు.