విదేశాల్లో పిల్లలకు తెలుగు బడి: బల్గేరియన్ల దారి చూడండి

మనవళ్లకు విజయవాడ నుంచో గుంటూరు నుంచో వీడియో కాల్‌లో తెలుగు నేర్పాలనుకునేవాళ్లు ముందు ఏలూరు రోడ్డుకెళ్లి పెద్ద బాలశిక్ష కొంటారు. కొనండి, కానీ అది రెండో పని. ముందు పిల్లలుండే ఊళ్లో నాలుగైదు కుటుంబాలను కూడగట్టండి. ఒక్క ఇంటికే చెప్పే పాఠం పిల్లాడికి పరీక్షలొచ్చినా, తాతయ్యకు జ్వరమొచ్చినా ఆగిపోతుంది.

19వ శతాబ్దం చివర హంగరీకి కూరగాయల సాగుకు వెళ్లిన బల్గేరియన్ రైతులు (మిరప కూడా పండించారు, గుంటూరుకు వరసైనవాళ్లే) 1914లో ముందు సంఘం పెట్టుకున్నారు. బుడాపెస్ట్‌లో బడి 1918లో వచ్చింది, చర్చి ఆ తర్వాత. ఇప్పుడైతే విదేశాల్లోని ఆదివారం బడులకు బల్గేరియా ప్రభుత్వమే డబ్బిస్తోంది. మనం చందాలు వేసుకుని మొదలుపెట్టడమే మేలు.

టైము పిల్లల గడియారం ప్రకారం పెట్టండి. డల్లాస్‌లో శనివారం ఉదయం 10 అంటే వేసవిలో మనకు రాత్రి 8:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి మనం 9:30కి కూర్చోవాలి. జర్మనీలో అక్టోబరు చివరి ఆదివారమే తిప్పుతారు. రెండు దేశాల పిల్లలూ ఒకే క్లాసులో ఉంటే ఆ మధ్య వారం సగంమంది గంట తేడాతో వస్తారు. మార్చిలోనూ ఇదే తంతు. ముందే వాట్సాప్‌లో చెప్పండి.

పాఠం 40 నిమిషాలు దాటనివ్వొద్దు. అ ఆ ఇ ఈ అంటూ వరస పట్టుకుంటే మాట చదవడానికే నెలలు పడుతుంది. ర, గ, న, వ, ల, ప, క ముందు నేర్పితే రెండో వారానికే వల, నగ, పలక చదివేస్తారు. తర్వాత దీర్ఘం, గుడి. గుణింతం మొత్తం ఒకేసారి రాయించారా, కెమెరా ఆపేస్తారు. ఒత్తుల్లో త, న, మ, య, ర, ల విడిగా నేర్పాలి, వాటి రూపం అక్షరాన్ని పోలి ఉండదు కాబట్టి. మిగతావి చాలావరకు చూస్తే తెలిసిపోతాయి.

పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తే కసరొద్దు. అదే మాట మీరు తెలుగులో అని ముందుకెళ్లండి. అంతకంటే పెద్ద తప్పు యాసను దిద్దడం. వరంగల్ కుటుంబం పిల్ల "ఉన్నడు" అంటే "ఉన్నాడు" అని సరిచేశారనుకోండి, వాళ్లమ్మకు మనసు నొచ్చుకుంటుంది, మరుసటి వారం ఆ ఇల్లు రాదు. రాతలో చూసుకోవచ్చు, మాటలో వదిలేయండి.

పండగ ఒక్కటి ఎంచుకుని ఏటా చేయండి. బల్గేరియన్లు మార్చి 1న ఎరుపు తెలుపు దారాల మార్తెనిత్సా ఇచ్చిపుచ్చుకుంటారు. ఖర్చు లేదు, బరువు లేదు, పక్కింటి పరాయివాళ్ల చేతికీ కట్టొచ్చు. మనకు ఉగాది పచ్చడి అలాంటిదే. క్లాసులో ఒక్కొక్కరికీ ఒక్కో రుచి అప్పగించి ఎవరిది వాళ్లచేతే తెలుగులో చెప్పించండి. వేపపువ్వు ఎండుదైనా సరే, అమెరికాకు తీసుకెళ్తే విమానాశ్రయంలో డిక్లేర్ చేయాలి, దాచి దొరికితే జరిమానా పడొచ్చు.