పల్చటి ఆక్సైడ్ ఫిల్మ్‌ని కొలవడం: ఎక్కడ తప్పు జరుగుతుందంటే

ముందు రెసిస్టెన్స్ సంగతి. రెండు వైర్లతో కొలిచారంటే కాంటాక్టుల రెసిస్టెన్స్ కూడా కలిసిపోయి, కొలిచింది ఫిల్మ్‌నా కాంటాక్టులనా అన్నది మీకే తెలీదు. చదరపు ముక్క నాలుగు మూలల్లో, వీలైనంత అంచుకి, చిన్న ఇండియం (మెత్తటి లోహం) చుక్కలు పెట్టి, ఒక అంచున ఉన్న రెండింటి గుండా కరెంట్ పంపి ఎదుటి అంచున వోల్టేజ్ చూడండి, తర్వాత పక్క అంచుకి మార్చి మళ్ళీ చూడండి. 1958లో భౌతిక శాస్త్రవేత్త వాన్ డెర్ పావ్ ఇచ్చిన పద్ధతే ఇది. రెండుసార్లూ వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగించండి; ఆ రెండు విలువలూ దగ్గరగా ఉంటే సగటుని 4.53తో గుణిస్తే షీట్ రెసిస్టెన్స్ (ఫిల్మ్‌లో ఒక చదరపు ముక్క రెసిస్టెన్స్), దాన్ని మందంతో గుణిస్తే రెసిస్టివిటీ (ఆకారంతో పనిలేని, పదార్థం సొంత విలువ). కరెంట్ దిశ మార్చి కూడా కొలిచి సగటు తీయండి, లేకపోతే థర్మల్ వోల్టేజ్ (ఉష్ణోగ్రత తేడాల వల్ల పుట్టేది) కలిసిపోతుంది.

ఇంకోటి, స్ట్రాన్షియం టైటనేట్ సబ్‌స్ట్రేట్‌ని (ఫిల్మ్ కింద ఉండే పలకని) తక్కువ ఆక్సిజన్‌లో వేడి చేస్తే ఆ పలకే కరెంట్‌ని మోయడం మొదలెడుతుంది. ఫిల్మ్ వేయని ఖాళీ ముక్కని కూడా అదే పరిస్థితుల్లో వేడి చేసి కొలిచి చూస్తే అనుమానం తీరుతుంది.

మాగ్నెటైజేషన్ (పదార్థం ఎంత అయస్కాంతంగా మారిందన్నది) కొలిచే దగ్గర అసలు టెన్షన్. ఫిల్మ్ కొన్ని పదుల నానోమీటర్లే, కింద సబ్‌స్ట్రేట్ అర మిల్లీమీటరు, కాబట్టి అయస్కాంత ఫీల్డ్‌కి మాగ్నెటైజేషన్ గీసిన గ్రాఫ్‌లో కిందికి వాలే గీత ఎక్కువగా సబ్‌స్ట్రేట్ డయామాగ్నెటిజమే (ఫీల్డ్‌కి ఎదురుగా కాస్త అయస్కాంతంగా మారే గుణం). ఎక్కువ ఫీల్డ్‌లో ఆ వాలు చూసి మొత్తం డేటాలోంచి తీసేయండి. నేనొకసారి స్టీల్ పట్టకారుతో అంచు పట్టుకున్నాను, మామూలు ఫిల్మ్ కాస్తా గది ఉష్ణోగ్రతలోనే ఫెర్రోమాగ్నెట్ (ఇనుములాంటి అయస్కాంతం) అయిపోయింది! తీరా చూస్తే అంచుకి అంటిన ఇనుప రజను. ప్లాస్టిక్ పట్టకారు వాడండి.