అక్టోబర్ మంచు మీద మోకాళ్ళు జాగ్రత్త

డెన్వర్‌లో మన ఆడవాళ్ళు స్కీయింగ్‌లో బ్లాక్ రన్స్ (బాగా కష్టమైన వాలు దారులు) కూడా దిగేస్తున్నారు ఇప్పుడు, కాబట్టి ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కాదు, గ్రూమ్డ్ స్లోప్ మీద, అంటే మెషిన్‌తో చదును చేసిన వాలు మీద, స్పీడుగా కార్వ్ చేసేవాళ్ళకి, అంటే స్కీ అంచు మీద వాలి మలుపులు తిరిగేవాళ్ళకి. అరపహో బేసిన్ (ఎ బేసిన్), లవ్‌ల్యాండ్ లాంటి స్కీ కొండలు తెరిచే టైమ్‌కి ఉండేది ఒకటో రెండో రన్స్, అదీ మెషిన్లు కొట్టిన మంచు, పొద్దున్నే సిమెంట్ రోడ్డులా ఉంటుంది, జనమంతా ఆ ఇరుకులోనే. ఫిబ్రవరిలో ఎలా దిగామో గుర్తుపెట్టుకుని అలాగే దూకితే అంతే సంగతులు.

ముందు గరాజ్‌లోంచి స్కీలు తీయండి, ఎడ్జ్‌ల మీద, అంటే అంచున ఉండే లోహపు బద్దల మీద, తుప్పు ఉంటుంది. బొటనవేలి గోరు ఎడ్జ్‌కి అడ్డంగా మెల్లగా గీకండి, సన్నగా పొడి రాలితే పదునుంది, గోరు జారిపోతే లేదు. కింద బేస్ తెల్లగా ఎండిపోయుంటే వ్యాక్స్ కావాలి. ట్యూనింగ్‌కి ఇస్తే ఎడ్జ్ కోణం కింది వైపు (బేస్) 1 డిగ్రీ, పక్క వైపు (సైడ్) 2 గానీ 3 గానీ అని మీరే చెప్పండి, గట్టి మంచుకి నాకైతే 3 నచ్చుతుంది.

బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచి, పడితే వదిలేసే బిగింపు) విషయంలో మాత్రం సిగ్గుపడొద్దు తల్లీ. ఒకసారి షాపు ఫారంలో నేను నా బరువు పదిహేను పౌండ్లు తగ్గించి రాశా, పక్కన మా ఆయన తొంగి చూస్తున్నాడని. డిన్ సెట్టింగ్, అంటే బైండింగ్ ఎంత బలానికి ఊడాలో చెప్పే నంబర్, తక్కువ పెట్టారు, మంచి స్పీడులో టర్న్ మధ్యలో ఒక స్కీ ఊడిపోయింది, నడుం మీద సగం కొండ జారా. తప్పు నాదే, ఎవర్నని ఏం లాభం! బరువు, ఎత్తు, వయసు, బూటు సోల్ పొడవు, మీరు దిగే తీరు, ఇవన్నీ లెక్కేసే ఆ నంబర్ పెడతారు. 50 దాటితే ఒక మెట్టు తగ్గిస్తారు. బూట్లు మార్చినా, ముఖ్యంగా గ్రిప్‌వాక్ సోల్ (నడవడానికి వీలుగా చేసిన అడుగు) అయితే, మళ్ళీ చెక్ చేయించాల్సిందే. మీ ఆయన స్కీలు ఖాళీగా ఉన్నాయని ఎక్కేయకండి, ఆ నంబర్ ఆయనకి పెట్టింది.

స్కీ సంగతికొస్తే గ్రూమ్డ్‌కి స్కీ నడుం, అంటే మధ్యలో వెడల్పు, 66 నుంచి 76 మిల్లీమీటర్లు చాలు. 88 వాటిని గట్టి మంచు మీద ఎడ్జ్ ఎక్కించాలంటే మోకాలికే పని ఎక్కువ. లేడీస్ స్కీ అంటే కొన్నిట్లో లోపల చెక్క తేలిక, బైండింగ్ కొంచెం ముందుకి, కొన్నిట్లో ఉత్త రంగే తేడా, అడిగి కొనండి. 13 మీటర్ల రేడియస్ ఉన్న, అంటే చిన్న మలుపులు తిరిగే, బిగుసు స్కీకి ఒక చెడ్డ గుణం ఉంది, మీరు అలసిపోయి వెనక్కి కూర్చున్నారా, స్కీ వెనక కొన మంచులో పట్టేసి కాలిని మెలిపెట్టేస్తుంది, అలాంటి పడటంలో బైండింగ్ ఊడకపోవచ్చు, ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగేది చాలాసార్లు అక్కడే, మగవాళ్ళకంటే మనకే ఎక్కువ. పడుతున్నామనిపిస్తే చేతులు ముందుకి చాపండి, జారుతూ లేవాలని చూడొద్దు, పూర్తిగా ఆగాకే లేవండి.

2024 నవంబర్ 30న కిల్లింగ్టన్ రేసులో అమెరికా స్కీ ఛాంపియన్ మికేలా షిఫ్రిన్ అంతటిది నూరో వరల్డ్ కప్ గెలుపు ముంగిట పడి పొట్టకి గాయం చేసుకుంది, మనమెంత.

ఎ బేసిన్‌లో కొండ కింది భాగమే 10,780 అడుగుల ఎత్తులో ఉంటుంది, మొదటి రోజు మూడు రన్స్‌కే తొడలు మండుతాయి, మధ్యలో ఆగాలంటే పక్కకి, పైనుంచి వచ్చేవాళ్ళకి కనపడేచోట ఆగండి.

ఆఁ, బూట్లు రాత్రి కారు డిక్కీలో వదలొద్దు. ప్లాస్టిక్ రాయిలా బిగిసిపోతుంది, పార్కింగ్‌లో ఇద్దరు పట్టి తోసినా కాలు దూరదు.