కొత్త అక్వేరియంలో చేపలు చనిపోవడం ఎలా ఆగింది: నా అనుభవం

విశాఖలో కొత్తగా అక్వేరియం పెట్టినవారు చాలామంది అడిగే సమస్యే ఇది. మధురవాడలో మా ఇంట్లోని 60 లీటర్ల తొట్టిలో నీళ్లు తేటగానే ఉండేవి, చేపలు మాత్రం పైకి చేరి నోళ్లు తెరిచి గుటకలు వేసేవి. ఉప్పు, మందు చుక్కలు, రెండో గాలి పంపు, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది పాత స్పాంజి. మిగిలిన చేపలను స్నేహితుడి తొట్టికి మార్చి, ఏళ్లుగా నడుస్తున్న అతని ఫిల్టర్ నుంచి స్పాంజి ముక్క తెచ్చాను. కడగలేదు, ఆరనివ్వలేదు, ఆ తొట్టి నీళ్లలోనే ముంచి తెచ్చాను. దాన్ని పట్టుకున్న గోధుమరంగు జిగటే మనకు కావలసింది. కొత్త తొట్టిలో చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా పేరుకుపోయి చేపలకు విషమవుతుంది. దాన్ని నైట్రైట్‌గా (ఇదీ విషమే), నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ జిగటలోనే ఉంటుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, ఆ ముక్కను మా ఫిల్టర్‌లో పెట్టాను. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేశాను, అది కుళ్లి వచ్చే అమ్మోనియాయే బ్యాక్టీరియాకు ఆహారం. నీటిని పరీక్షించే చుక్కల మందుతో చూస్తే ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గాయి. మేత వేస్తున్నా రెండూ సున్నా దగ్గరే నిలిచాక సగం నీళ్లు మార్చి, నాలుగు గప్పీ చేపలను మాత్రమే వదిలాను. వారం ఆగి, మళ్లీ పరీక్షించాకే కోరీడోరా చేపలు. సున్నితమైన నియాన్ టెట్రాలు చివర్లో.

ఇక్కడి వెచ్చదనం బ్యాక్టీరియాకు కలిసివచ్చి ఉండవచ్చు. ఏసీ గదిలో ఇంకా ఆలస్యం కావచ్చు. పాత స్పాంజితో రోగాలూ రావచ్చు కనుక చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టి నుంచే తీసుకోండి.