యాభై వేల కారు, ముప్పై వేల మరమ్మతు: డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి

విజయనగరంలో యాభై వేలకు అటూ ఇటూగా దొరికే కారు సాధారణంగా పదిహేనేళ్లు దాటిన మారుతి 800 గానీ, పాత ఆల్టో గానీ, శాంత్రో గానీ అయి ఉంటుంది. నేను 2008 మోడల్ మారుతి 800ను 52,000 రూపాయలకు కొన్నాను. మరమ్మతుకు 30,000 కేటాయించుకుని, అంతకు మించి ఒక్క రూపాయి కూడా పెట్టకూడదని ముందే నిశ్చయించుకున్నాను. ఇటువంటి బండి మీద డబ్బు చాలక నష్టపోయేవారి కంటే, ఉన్న డబ్బును తప్పు వరుసలో ఖర్చు చేసి నష్టపోయేవారినే నేను ఎక్కువగా చూశాను. ముందు రంగు వేయించి, తర్వాత మ్యూజిక్ సిస్టమ్ పెట్టించి, చివరకు బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలని బండ్లు మన షెడ్లలో ఎన్నో నిలబడి ఉంటాయి.

కాగితాలు చూడకుండా పానా పట్టుకోకూడదు. సొంత వాడకపు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తర్వాత బండి యోగ్యతను పరీక్షించి ఐదేళ్లకు ఒకసారి పొడిగిస్తారు. 15 ఏళ్లు దాటిన కారుకు ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. దానికి గ్రీన్ ట్యాక్స్ (పాత బండి కాలుష్యానికి వేసే పన్ను) అదనం, 20 ఏళ్లు దాటిన బండికి రుసుము ఇంకా ఎక్కువ. అంటే ఆర్.సి. గడువు తీరిన 40,000 రూపాయల బండి కంటే, గడువు ఇంకా మూడేళ్లు మిగిలి ఉన్న 50,000 రూపాయల బండే నిజానికి చవక కావచ్చు. పాత ఫైనాన్స్ ఏదైనా ఆర్.సి. మీద నమోదై ఉంటే అది తొలగినట్టు ఫారం 35 తీసుకోవాలి. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30 సంతకాలను డబ్బు ఇచ్చే రోజే చేయించుకోవాలి. రాయగడ, కోరాపుట్ వైపు నుంచి వచ్చిన ఒడిశా నంబరు బండి ధరలో ఊరిస్తుంది గానీ, దానికి అక్కడి ఎన్.ఓ.సి. (నిరభ్యంతర పత్రం) తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు తీసుకునేసరికి ఆ తేడా కరిగిపోతుంది.

పాత నంబరు మరొక సంగతి కూడా చెబుతుంది. ఏపీ 35 విజయనగరానిది, ఏపీ 30 శ్రీకాకుళానిది, ఏపీ 31 విశాఖపట్నానిది. రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది 2019లోనే కాబట్టి, అంతకు ముందటి కారు మొదట ఏ జిల్లాలో రిజిస్టరైందో నంబరు చూస్తేనే తెలుస్తుంది. అది కళింగపట్నం, భీమిలి వంటి చోట సముద్రపు గాలిలో పదేళ్లు నిలబడిందా, లోపల బొబ్బిలి, రాజాం వైపు తిరిగిందా అని అమ్మేవారిని తప్పక అడగాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుపాన్లు చూసిన ప్రాంతం మనది. నాగావళి, వంశధార పొంగిన రోజుల్లో నీట మునిగిన బండ్లు తర్వాత తుడిచి, సెంటు కొట్టి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరి వరకూ లాగి చూడండి. పైకి కనిపించే భాగాన్ని ఎవరైనా కడుగుతారు గానీ, లోపల చుట్టుకుని ఉండే చివరి మూరెడు పట్టీ మీద బురద చార అలాగే ఉండిపోతుంది.

ఇంజనును తప్పనిసరిగా ఉదయం, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. అమ్మేవారు ముందే వేడి చేసి ఉంచితే మరోరోజు రావడం మేలు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతున్నట్టు, నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ కాలుతున్నట్టు అర్థం. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తూ, ఆయిల్ మూత లోపల పాలమీగడ వంటి జిగురు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగానికీ కింది దిమ్మకూ మధ్య ఉండే పలక) పోయిందని అనుమానించాలి. ముప్పై వేల బడ్జెట్‌లో ఇంజను బోరు పని (అరిగిన సిలిండర్లను సాపు చేసి కొత్త పిస్టన్లు వేయడం) ఇమడదు కాబట్టి, నీలం పొగ బండిని ఎంత తగ్గించి ఇచ్చినా వదిలేయడమే నా సలహా.

ఇక తుప్పు. మన ప్రాంతంలో పాత కారుకు అసలు శత్రువు ఇదే. నా బండిలో డ్రైవరు పక్క సీటు ముందున్న మ్యాటు ఎత్తితే, కింద ఉన్న గోనెపట్ట వంటి పొర నల్లగా, తడిగా ఉంది. బొటనవేలితో నొక్కితే రేకు అప్పడంలా విరిగి, కింద నేల కనిపించింది. మొదట డోరు రబ్బరు లోంచి నీళ్లు వస్తున్నాయని అనుకున్నాను. తర్వాత ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీ విప్పి చూస్తే, లోపల నీళ్లు దిగిపోయే దారి నిండా వేపాకు కుళ్లి మట్టిలా గట్టిపడి ఉంది. బండి ఏళ్ల తరబడి వేపచెట్టు నీడన నిలబడిందన్న మాట. ఆ ఆకు తీయకుండా రేకు ఎంత బాగా వేయించినా, రెండు వర్షాకాలాల్లో తుప్పు దాన్ని మళ్లీ తినేస్తుంది. అందువల్ల ముందుగా చేయవలసింది నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టడం: ఒకరు లోపల టార్చిలైటు పట్టుకుని కూర్చుంటే, మరొకరు బయట నుంచి చెంబుతో ఒక్కొక్క చోటే నీళ్లు పోస్తూ రావాలి. డోర్ల అడుగు అంచున ఉండే చిన్న రంధ్రాలను కూడా సన్నటి తీగతో పొడిచి తెరవాలి. అవి మూసుకుపోతే డోరు లోపల నీరు నిలిచి కింది అంచు కుళ్లుతుంది.

టింకరింగ్ (బండి రేకు పని) మేస్త్రీ సులువు దారి చూపించాడు. "పైన రేకు ఏసి రివెట్లు కొట్టేద్దాం బాబూ, మ్యాటు కింద ఎవలికి కనిపిస్తాది?" అన్నాడు. తుప్పు మీద రేకు వేస్తే రెండింటి మధ్య తేమ నిలిచి, కొత్త రేకు కూడా లోపలి నుంచి పోతుంది. "కోసేసి వేయండి మేస్త్రీ, కూలి కలిపి ఇస్తాను" అని ఒప్పించాను. గట్టి రేకు తగిలేదాకా పాతదంతా కోసి, 20 గేజ్ రేకు ముక్కను ఆ ఆకారానికి మలిచి వెల్డింగ్ చేయించి, రెండు వైపులా రెడ్ ఆక్సైడ్ పూసి, అతుకుల మీద సీలెంట్ పెట్టి, అడుగున రబ్బరు కోటింగ్ కొట్టించాను. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించండి, లేకపోతే ఇంజనును నడిపే కంప్యూటర్ బాక్సు పోయే ప్రమాదం ఉంది. అంతకంటే ముఖ్యం, పెట్రోలు పైపు బండి అడుగు నుంచే పోతుంది కాబట్టి అది ఎక్కడ ఉందో కింద నుంచి చూసి, ఆ దగ్గర మంట పెట్టవలసి వస్తే పైపును తప్పించిన తర్వాతే పని మొదలుపెట్టించాలి. ఈ పని ఫిబ్రవరి నుంచి మే లోపు ముగించుకోవడం మంచిది. వానల్లో తేమ మీద పూసిన రంగు తుప్పును లోపలే దాచిపెడుతుంది.

తుప్పు తర్వాత బ్రేకులు. వెనక డ్రమ్ములు విప్పించి, లోపల బ్రేకును తోసే వీల్ సిలిండర్ల రబ్బరు టోపీ కొద్దిగా పైకెత్తి చూడాలి. లోపల తడి ఉంటే సిలిండర్ కారుతున్నట్టే, దానికి కిట్టు (లోపలి రబ్బర్లు) వేయించే బదులు సిలిండరే మార్చాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ సాలూరు ఘాట్ వంటి దిగుడులో వేడెక్కి, ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. కాబట్టి పాత బండి ఎవరి దగ్గర కొన్నా ఆయిల్ మొత్తం తీయించి, బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉన్న డాట్ 3 లేదా డాట్ 4 రకమే పోయించి, గాలి తీయించాలి. ఇంటి దగ్గర చక్రం విప్పేవారు ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి వెళ్లకూడదు. ఇటుకలు అసలు పెట్టకూడదు, అవి బరువుకు చెప్పకుండా పగులుతాయి.

ఇంజను వేడి విషయంలో నాకు ఒక షెడ్డులో చేదు అనుభవం ఎదురైంది. వేడి చూపించే సూది ఎప్పుడూ కిందే ఉండేది, మైలేజీ పన్నెండు దాటేది కాదు. విప్పి చూస్తే లోపల థర్మోస్టాట్ లేదు. గొట్టం మార్చడానికి ఇచ్చినప్పుడు, "ఎండ దేశానికి ఇదెందుకు" అని నాకు చెప్పకుండా తీసి పారేశారు. థర్మోస్టాట్ ఇంజను సుమారు 80–90 డిగ్రీలకు చేరేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వదు. అది లేకపోతే ఇంజను ఎప్పుడూ చల్లగా తిరుగుతుంది, కంప్యూటర్ కూడా బండి ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువగా వదులుతుంది. కొత్తది పెట్టించి, కొళాయి నీళ్లకు బదులు కూలెంట్ పోయించాను. అలాగే రేడియేటర్ ఫ్యాను తనంతట తానే తిరుగుతోందా, లేక ఎవరైనా డ్యాష్ బోర్డు కింద స్విచ్చి పెట్టి నడిపిస్తున్నారా చూడండి. ఆ స్విచ్చి వేయడం ఒక్కరోజు మరచిపోతే హెడ్డు పోతుంది.

టైమింగ్ బెల్టు (ఇంజను వాల్వులను సమయానికి తెరిపించే పట్టీ) ఎప్పుడు మార్చారో బిల్లు చూపించగలిగితే సరే; నోటిమాట అయితే దాన్ని బిగించి ఉంచే టెన్షనర్‌తో సహా మార్చేయడమే క్షేమం. మారుతి 800కూ, అదే 796 సీసీ ఇంజనున్న ఆల్టోకూ గొలుసు కాకుండా బెల్టే ఉంటుంది.

టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. మెరిసేలా నల్లరంగు పూసిన టైరుకు కూడా ఈ అంకెలు వయసు చెప్పేస్తాయి. నాలుగూ కొనలేనప్పుడు కొత్త రెండింటినీ వెనక వేయించండి. మన షెడ్లలో ముందు వేయడం అలవాటు గానీ, తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండిని అదుపు చేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు. స్టీరింగ్ వైపు టైరాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు వదులైతే మార్చి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాలి. ముందే చేయిస్తే ఆ కూలి వృథా.

విద్యుత్తు సంగతికి మూడు నాలుగు వందల మల్టీమీటర్ చాలు. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే, బ్యాటరీ, డైనమో రెండూ పనికొస్తున్నట్టే. ఫ్యూజు బాక్సులో ఫ్యూజుకు బదులు రాగి తీగ కనిపిస్తే వెంటనే తీసేయండి, అది మంటలకు దారి.

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పాత స్పేర్లు చవకగా దొరుకుతాయి. డోరు అద్దాలు, లాకులు, సీట్లు, సైడు మిర్రర్లు, చూసి కొనగలిగితే డైనమో కూడా అక్కడ తీసుకోవచ్చు. బ్రేకు సామాను, టైర్లు, బెల్టులు, బాల్ జాయింట్లు మాత్రం పాతవి కొనకూడదు. స్పేర్లు మీరే కొని మెకానిక్‌కు ఇవ్వండి, విప్పిన పాత సామాను మొహమాటపడకుండా అడిగి ఇంటికి తెచ్చుకోండి.

నా లెక్క ఇలా తేలింది: టింకరింగ్ 6,500, రెండు టైర్లు 5,400, బ్రేకులు 4,300, స్టీరింగ్, బుష్షులు, అలైన్‌మెంట్ 4,100, ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంట్, థర్మోస్టాట్ 3,900, బెల్టులు 2,400, వైరింగ్ 600, మొత్తం 27,200. మిగిలిన 2,800తో స్టెప్నీకి కొత్త టైరు వేయించగా వంద రూపాయలు మిగిలాయి. రంగు మాత్రం ఇప్పటికీ వెలిసిపోయే ఉంది; ఎడమ డోరు మీద గీత కూడా కొన్ననాటిదే.