ఇంట్లోనే ఆర్కేడ్ ప్యానెల్ – 4వ పాఠం: సన్‌మైకా అంచుల పని

ఆర్కేడ్ ప్యానెల్ అంటే వీడియో ఆటల బటన్లు బిగించే పలక. మూడో పాఠం ముగిసేసరికి మీ ముందు 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక ఉంది. దానిపై 1 మిల్లీమీటరు సన్‌మైకా అంటించి, చుట్టూ అర సెంటీమీటరు చొప్పున బయటికి వదిలాం. తెల్ల ఫెవికాల్ వాడినవాళ్లు కనీసం ఒక పగలూ ఒక రాత్రీ బరువు కింద ఆరనివ్వండి. ముసురు పట్టిన రోజులైతే మరో పూట ఆగండి. జిగురు పచ్చిగా ఉండగా రౌటర్ (తిరిగే బ్లేడుతో అంచులు కోసే యంత్రం) పెడితే ఆ అదురుకు సన్‌మైకా అంచు లేస్తుంది. ఒకసారి లేచిన అంచు మళ్లీ మునుపటిలా పట్టడం కష్టం.

ఒక పాఠం మొత్తం అంచుకే కేటాయించడానికి కారణం ఉంది. ప్యానెల్ పాడయ్యేది అక్కడి నుంచే. ఎండీఎఫ్ అంటే కలప పీచును రెసిన్‌తో కలిపి, వేడి మీద గట్టిగా అదిమి చేసిన పలక. దాని పైముఖం బిగువుగా ఉంటుంది కానీ కోసిన పక్క నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. ఆడేటప్పుడు మణికట్లు ఆనేది సరిగ్గా ఆ పక్కనే, ముందంచు మీద. వరంగల్‌లో మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు, ఫ్యాను కింద కూర్చున్నా అరచేతులు తడుస్తాయి. ఆ చెమట లోపలికి దిగితే ఎండీఎఫ్ ఉబ్బుతుంది. ఉబ్బినది ఆరినా పాత మందానికి రాదు. కింద నుంచి సన్‌మైకాను నెడుతూనే ఉంటుంది.

ముందు అదనపు అంచు తీయాలి. చిన్న ట్రిమ్మర్ రౌటర్, చివర బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్ చాలు. సొంతంగా కొనక్కర్లేదు, హన్మకొండలోనో కరీంనగర్‌లోనో తలుపులకు సన్‌మైకా వేసే వడ్రంగిని అడిగితే పని జరిగిపోతుంది. బేరింగ్ ఎండీఎఫ్ పక్కను తాకుతూ దొర్లుతుంది, బ్లేడు సన్‌మైకాను సరిగ్గా ఆ మట్టానికి కోస్తుంది. కాబట్టి పక్కన జిగురు గడ్డ ఒక్కటి మిగిలినా బేరింగ్ దానిమీదికి ఎక్కుతుంది, సన్‌మైకా అక్కడ ఎత్తుగా మిగిలిపోతుంది. మొదలుపెట్టే ముందు పక్కలన్నీ వేలితో తడిమి చూసుకోండి.

రౌటర్ నడిపే దిక్కు ముఖ్యం. పలక మీ ముందు బల్లపై ఉంటే, మీకు దగ్గరి అంచు మీద ఎడమ నుంచి కుడికి నడపండి. పలక చుట్టూ చూస్తే అది గడియారం ముల్లుకు ఎదురు దిక్కు. బటన్ల రంధ్రాల లోపల మాత్రం ముల్లు తిరిగే దిక్కునే వెళ్లాలి. తారుమారైతే బిట్ పట్టు తప్పి ముందుకు దూకుతుంది. కళ్లద్దాలు, మూతికి మాస్కు లేకుండా ఈ పని అసలు చేయకండి. ఎండీఎఫ్ పొడి చాలా సన్నం, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇప్పుడు ఆకురాయి వంతు. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. రౌటర్ వదిలిన సన్‌మైకా అంచు చర్మాన్ని కోసేంత పదునుగా ఉంటుంది. దాన్ని చంపడానికి యంత్రం అక్కర్లేదు, సన్న పళ్ల బల్లపరుపు ఆకురాయి ఒకటి చాలు. హన్మకొండలో అల్మారా తలుపులు చేసే ఒక పెద్ద వడ్రంగి చేతులు గమనించి నేర్చుకున్నాను. ఆయన ఆకురాయిని నిలువు నుంచి కొద్దిగా వాల్చి పట్టుకుని, సన్‌మైకా పైముఖం నుంచి కిందికి, అంచు పొడవునా ఏటవాలుగా తోస్తారు. తోసిన ప్రతిసారీ ఎత్తి వెనక్కి తెస్తారు, రుద్దుతూ లాగరు.

“పెద్దన్నా, పైకి లాగితే ఏమవుతుంది?” అని అడిగాను.

“పెచ్చు లేస్తుంది తమ్ముడూ. ఆకురాయి ఎప్పుడూ కర్ర వైపే పోవాలి” అన్నారు.

కారణం సన్‌మైకా తయారీలోనే ఉంది. అడుగున రెసిన్‌లో నానబెట్టిన గోధుమరంగు క్రాఫ్టు కాగితాల పొరలు, పైన రంగు కాగితం ఒక్కటి, దానికి గాజులా పెళుసైన మెలమిన్ పూత. ఆకురాయి కిందికి పోతే ఆ పూతకు వెనుక కర్ర ఆసరా ఉంటుంది. పైకి లాగితే ఆసరా లేక విరుగుతుంది. తోస్తున్నప్పుడు శబ్దం వినండి. మొదట కరకరమంటుంది, పదును పోయేకొద్దీ మెత్తబడుతుంది. అంచున వెంట్రుకంత సన్నని గోధుమరంగు గీత సమానంగా కనిపించగానే ఆపేయండి. ఆ తర్వాత 220 నంబరు ఉప్పుకాగితాన్ని చెక్కముక్కకు చుట్టి అదే దిక్కులో రెండుసార్లు, 400 నంబరుతో మరోసారి. నల్ల సన్‌మైకా అయితే ఆ గీత మీద చెరగని నల్ల మార్కర్ నడిపించి, వెంటనే పైముఖాన్ని గుడ్డతో తుడవండి.

ఎండీఎఫ్ పక్కలకు సీలర్ వేయాలి. తెల్ల ఫెవికాల్‌ను సగానికి సగం నీళ్లతో పలుచన చేసి బ్రష్‌తో పూయండి. ఆరాక పీచు లేచి గరుకుగా తగులుతుంది, ఉప్పుకాగితంతో నునుపు చేసి మరో పూత వేయండి.

ఇక అంచుకు ఏం తొడగాలి? అమెరికాలో 1980లలో తయారైన ఆర్కేడ్ పెట్టెల అంచుల్లో ఎక్కువగా కనిపించేది టీ మోల్డింగ్. ఇది గుండ్రని ముఖమున్న ప్లాస్టిక్ పట్టీ. వెనుక ముళ్లున్న నాలుక ఉంటుంది, పలక పక్కన కోసిన గాడిలోకి అది దిగుతుంది. మన ప్లైవుడ్ దుకాణాల్లో దొరకడం అరుదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ముప్పావు అంగుళం పట్టీ అడగండి, అంటే 19 మిల్లీమీటర్లు. మన పలక 18, సన్‌మైకా 1, సరిగ్గా సరిపోతుంది.

గాడి ఎప్పుడు కోయాలన్నది కూడా ఈ లెక్కలోనే తేలుతుంది. సన్‌మైకా అంటించిన తర్వాతే కోయాలి, పైముఖం నుంచి 9.5 మిల్లీమీటర్ల దగ్గర. ఉత్త పలక మధ్యలో 9 దగ్గర ముందే కోసేస్తే పట్టీ అర మిల్లీమీటరు కిందికి కూర్చుంటుంది, సన్‌మైకా అంచు అంతమేర పైకి పొడుచుకొస్తుంది. మణికట్టు ఆ తేడాను మొదటి ఆటలోనే పట్టేస్తుంది. పలకల మందంలో చిన్న తేడాలు ఉంటాయి కనుక వెర్నియర్‌తో కొలిచి, మిగిలిన ముక్కపై ముందుగా కోసి చూడండి. గాడి వెడల్పు సుమారు 1.6 మిల్లీమీటర్లు, లోతు నాలుక కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. టీ మోల్డింగ్ వేసేవాళ్లు ఆకురాయిని ఒకటి రెండుసార్లకు మించి తోయకూడదు. ఏటవాలు ఎక్కువైతే పట్టీకీ సన్‌మైకాకూ మధ్య సందు ఏర్పడి మురికి చేరుతుంది.

పట్టీని రబ్బరు సుత్తితో తడుతూ దించండి. జిగురు వద్దు. మూలల్లో నాలుకపై వి ఆకారపు గాట్లు పెట్టి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో కాస్త వేడి చేస్తే వంగుతుంది. ఎక్కడా సాగదీయకండి. సాగిన ప్లాస్టిక్ నెమ్మదిగా వెనక్కి తగ్గుతుంది, అతుకు దగ్గర సందు పడుతుంది. అతుకు వెనుక అంచున, కంటికి కనబడనిచోట పెట్టండి.

టీ మోల్డింగ్ దొరకనివాళ్లకు ప్లైవుడ్ దుకాణంలో 22 మిల్లీమీటర్ల వెడల్పు పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ (అంచుకు అంటించే ప్లాస్టిక్ పట్టీ) ఉంటుంది. పక్కలకూ వెనుకకూ అది చాలు. ముందంచుకు మాత్రం నేను టేకు పట్టీనే సూచిస్తాను. టింబరు డిపోలో తుంటల మధ్య 10 మిల్లీమీటర్ల మందం ముక్క దొరుకుతుంది. సన్‌మైకా కన్నా కాగితమంత ఎత్తుగా అతికించండి. ఆరాక సన్‌మైకా మీద మాస్కింగ్ టేపు వేసి, ఉలి వీపుతో గీకుతూ మట్టానికి తెచ్చి, బయటి అంచు గుండ్రం చేయండి. లక్క పాలిష్ చెమటకు నిలవదు, పీయూ (పాలీయురేథేన్) పాలిష్ వేయండి.

వచ్చే పాఠంలో 30 మిల్లీమీటర్ల బటన్లు బిగిస్తాం. ఈలోగా రంధ్రాల లోపలి గోడలకూ సీలర్ రెండు పూతలు వేసి ఆరబెట్టండి. ఆరాక ఒక బటన్‌ను పెట్టి చూడండి, బిగుతుగా ఉంటే రంధ్రం లోపల ఉప్పుకాగితం తిప్పి, గీకిన చోట మరో పూత వేయండి.