బీజీయ భిన్నాల సూక్ష్మీకరణ: జవాబు ఎక్కడ తప్పుతోంది?

ముందు జవాబును పరీక్షించండి. య స్థానంలో 5 పెట్టి, ఇచ్చిన భిన్నం విలువ, మీ జవాబు విలువ విడివిడిగా కట్టండి. 1 వద్దు: య, య² ఒకటే అయిపోయి ఘాతాంకాల తప్పు దాక్కుంటుంది. 0 పెడితే య ఉన్న పదాలే మాయమవుతాయి. హారం 0 అయ్యే సంఖ్య అసలే పనికిరాదు.

లక్షణం: రెండు విలువలకూ పొంతన లేదు

(య² − 9)/(య² − 5య + 6) లెక్కలో పైనా కిందా య² కనిపించగానే కొట్టేసి −9/(−5య + 6) అని రాస్తారు. 5 పెడితే అసలు భిన్నం 8/3, ఈ జవాబు 9/19.

కారణం: య² ఇక్కడ కారణాంకం కాదు, కూడికలో ఒక పదం. లవం మొత్తాన్నీ, హారం మొత్తాన్నీ గుణిస్తున్నదాన్నే కొట్టేయాలి. 5/6ను (2+3)/(2+4)గా రాసి 2లు కొట్టేస్తే 3/4 వస్తుంది కదా, అదే పొరపాటు ఇది. ఎక్కువ మార్కులు పోయేదీ ఇక్కడే.

పరిష్కారం: పెన్సిల్ గీత గీసే ముందు రెండింటినీ కారణాంకాలుగా విడగొట్టండి.
(య − 3)(య + 3)/[(య − 2)(య − 3)] = (య + 3)/(య − 2)
ఇప్పుడు 5 పెడితే 8/3.

లక్షణం: అంకె సరిపోయింది, గుర్తు తిరగబడింది

పై లెక్కలోనే లవం 9 − య² అయితే అందులో వచ్చేది (3 − య). హారంలో ఉన్నది (య − 3). రెండూ ఒకటే అనుకుని కొట్టేశారు. 3 − య = −(య − 3) కాబట్టి ఆ జంట 1 కాదు, −1 మిగులుస్తుంది. జవాబు −(య + 3)/(య − 2). (య + 3), (3 + య) మాత్రం నిజంగానే ఒకటి.

లక్షణం: ఉమ్మడి కారణాంకమే దొరకడం లేదు

(2య² + 5య − 3)/(య² − 9)లో మధ్య పదాన్ని విడగొట్టేటప్పుడు లబ్ధం −3 అనుకుంటారు. య² గుణకంతో కలిపి 2 × (−3) = −6 తీసుకోవాలి. లబ్ధం −6, మొత్తం 5 ఇచ్చేవి 6, −1.
2య² + 6య − య − 3 = 2య(య + 3) − 1(య + 3)
చివరి జతలో −1 బయటికి తీస్తే లోపల గుర్తు మారుతుంది. అది మరిచి (య − 3) రాస్తే లెక్క అక్కడే ఆగిపోతుంది. జవాబు (2య − 1)/(య − 3).

లక్షణం: లవంలో ఏమీ మిగల్లేదు, 0 రాశారు

కొట్టివేత అంటే భాగహారం, మిగిలేది 1. (య + 2)/(య² − 4) = 1/(య − 2).

లక్షణం: జవాబు సరైనదే, షరతు తప్పింది

మొదటి లెక్కలో జవాబు చూసి య ≠ 2 అని మాత్రమే రాస్తారు. య = 3 పెడితే జవాబు 6 ఇస్తుంది, కానీ ఇచ్చిన భిన్నం 0/0. షరతులను కొట్టివేతకు ముందున్న హారం నుంచే రాయండి: య ≠ 2, య ≠ 3.